సీడీ సంకలనాల్లో ఘంటసాల, సుశీల, సాలూరి

ఘంటసాల వెంకటేశ్వరరావు, పి. సుశీల, సాలూరి రాజేశ్వరరావు. తెలుగు సినిమా పాట అనగానే గుర్తొచ్చే ఈ మూడు పేర్లకూ విజయనగరం సీమతో గట్టి సంబంధం ఉంది. రాజేశ్వరరావు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టారు. సుశీల 1935లో విజయనగరంలోనే పుట్టారు. ఘంటసాల పుట్టిన ఊరు కృష్ణా జిల్లా చౌటపల్లి అయినా, ఆయన గొంతుకు శాస్త్రం అబ్బింది మాత్రం విజయనగరంలో. 1919లో మొదలైన అక్కడి సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఆయన తర్వాత ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామి నాయుడు చేతికి వచ్చింది. సాలూరు చినగురువుగారని పేరుపడ్డ పట్రాయని సీతారామశాస్త్రి శిష్యరికంలో, మధుకరం ఎత్తి పొట్ట నింపుకుంటూ ఘంటసాల గాత్రం నేర్చుకున్నారు. సుశీల కూడా ద్వారం వారి హయాంలో ఆ కళాశాలలోనే చదివారు.

ఈ ముగ్గురి పాటలూ కాంపాక్ట్ డిస్కుల మీద సంకలనాలుగా రకరకాల రూపాల్లో వచ్చాయి. గాయకుల పేరుతో కొన్ని, సంగీత దర్శకుల పేరుతో కొన్ని, కథానాయకుల పేరుతో మరికొన్ని వచ్చాయి. యుగళగీతాలు, విషాద గీతాలు, భక్తి పాటలు, పద్యాలు అని విడదీసినవీ ఉన్నాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గాని, ఏ కొలతతో పాటలు ఏరారు, ఏ మూలం నుంచి తీసుకున్నారు అన్న రెండు విషయాల్లోనే ఒకదానికీ ఇంకొకదానికీ తేడా వస్తుంది. వినేవాడికి దక్కే సంగీతం ఎంతన్నది ఆ రెంటి మీదే ఆధారపడి ఉంటుంది.

సంకలనం అనే ఆలోచన సీడీతో పుట్టింది కాదు. పల్లెల్లో కుక్క మార్కు ప్లేటు అని పిలిచిన హెచ్.ఎం.వి. రికార్డు నిమిషానికి 78 సార్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట పట్టేది. అంటే ప్లేటుకు రెండు పాటలు. అందులో ఏరికూర్చడానికి చోటెక్కడిది? నిమిషానికి 33 చుట్లు తిరిగే ఎల్.పి. వచ్చాక ఒకే ప్లేటు మీద పది, పన్నెండు పాటలు పట్టాయి. అప్పుడే ఒక గాయకుడి మేలైన పాటలంటూ వేర్వేరు సినిమాల నుంచి ఏరడం సాధ్యమైంది. 1980లలో క్యాసెట్టు ఇంటింటికీ చేరింది. తర్వాత సీడీ వచ్చింది. ఎల్.పి. కోసం ఒకసారి ఏరిన పాటలే చాలామటుకు క్యాసెట్టులోకి, క్యాసెట్టులో బాగా అమ్ముడైనవే సీడీలోకి దిగాయి. ఏ సంకలనం తీసినా అవే ఇరవై, ముప్ఫై పాటలు ఎదురుకావడానికి అసలు కారణం ఇదే.

సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982లో జపాన్ బజారులోకి వచ్చింది. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పున్న ఆ బిళ్ల మీద మొదట 74 నిమిషాలు, తర్వాత 80 నిమిషాల వరకు సంగీతం పట్టింది. పాట సగటున మూడున్నర నిమిషాలు అనుకుంటే ఇరవై, ఇరవై రెండు పాటలు. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. రెండు చానళ్లకూ కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు అవుతుంది. దీనిని ఆడియో సీడీ అంటారు.

తెలుగు నాట దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడైంది దీని తమ్ముడు, ఎంపీ3 సీడీ. అదే బిళ్ల మీద పాటలను కుదించి దాస్తారు. సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన కుదిస్తే అసలు సమాచారంలో పదకొండో వంతు మాత్రమే మిగులుతుంది. 700 మెగాబైట్ల సీడీలో దాదాపు రెండు వందల పాటలు పడతాయి. ధర చూసినా, పాటల సంఖ్య చూసినా ఎంపీ3 సీడీయే లాభసాటిగా కనిపిస్తుంది. కుదింపులో ముందుగా నష్టపోయేవి తాళాల మెరుపు, తంబురా ఝంకారం, గాయకుడి ఊపిరి వంటి సన్నటి ధ్వనులు. చిన్న స్పీకరులో వింటే తేడా తెలియకపోవచ్చు. ఘంటసాల పద్యం చివర తీసే రాగాలాపనను మంచి యంత్రం మీద రెండు రకాలుగానూ వింటే మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. పాట మాటలు, బాణీ గుర్తు చేసుకోవడానికి ఎంపీ3 చాలు. గొంతును వినడానికి ఆడియో సీడీయే కావాలి.

ఘంటసాల సంకలనాల సంగతి ముందుగా చూడాలి. తెలుగులో ఎక్కువ రూపాల్లో వచ్చినవి, ఎక్కువగా ఒకదాన్నొకటి పోలినవి ఇవే. సినిమాల్లో ఆయన గానం 1940ల మధ్యలో మొదలై 1974 ఫిబ్రవరి 11న ఆయన మరణంతో ఆగింది. ఆ మూడు దశాబ్దాల్లో గొంతు ఒకేలా లేదు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో పలుచగా, తేలిగ్గా సాగే గొంతు, 1957 నాటి ‘మాయాబజార్’కు నిండుదనం తెచ్చుకుంది. 1960ల చివరికి బరువెక్కి, లోతుకు దిగింది. గాయకుడి పేరుతో తీసిన సంకలనం ఈ ప్రయాణాన్ని చూపించాలి. కాలక్రమంలో పేర్చిన సీడీ ఆ పని చేస్తుంది. కాని చాలా సీడీల్లో 1953 నాటి ‘దేవదాసు’ పాట పక్కనే 1970ల పాట వచ్చి కూర్చుంటుంది. దాంతో గొంతులో వచ్చిన మార్పు మూడు దశాబ్దాల పెరుగుదలలా కాక, రికార్డింగులో తేడాలా వినిపిస్తుంది.

మరో చిక్కు యుగళగీతాలది. ఘంటసాల, సుశీల కలిసి పాడిన పాట ఘంటసాల సీడీలోనూ ఉంటుంది, సుశీల సీడీలోనూ ఉంటుంది. తెరమీద ఎన్టీ రామారావు ఉంటే ఆయన పేరుతో వచ్చిన సీడీలో, అక్కినేని నాగేశ్వరరావు ఉంటే ఆయన సీడీలో మళ్లీ అదే పాట. మూడు సీడీలు కొన్న వాళ్లకు ఒక పాట మూడుసార్లు దక్కుతుంది. అందుకని ఘంటసాల ఒక్కరే పాడిన పాటలు, పద్యాలు, ప్రైవేటు గీతాలు ఉన్న సంకలనాలకు విలువ ఎక్కువ. యుగళగీతాలు మరో దారిలో ఎలాగూ ఇంటికి చేరతాయి.

కథానాయకుల పేరుతో వచ్చే సంకలనాలు సంగీతం తెలిసినవాళ్లకు అంతగా రుచించకపోయినా, వాటితో ఒక ప్రయోజనం ఉంది. ఎన్టీ రామారావుకు పాడిన ఘంటసాల, నాగేశ్వరరావుకు పాడిన ఘంటసాల ఒక్కటి కాదు. ఒకరి కోసం గొంతులో ఠీవి, పలుకులో బరువు పెంచారు. మరొకరి కోసం మెత్తదనం తెచ్చుకున్నారు. రెండు సీడీలూ ఒకదాని వెంట ఒకటి వింటే నటుణ్ణి బట్టి గొంతును మలచుకోవడమనే విద్య ఎంత కష్టమైనదో అర్థమవుతుంది. ఇది గాయకుడి పేరుతో వచ్చిన సంకలనంలో తేలిగ్గా పట్టుబడదు.

ప్రైవేటు గీతాలంటే సినిమాకు సంబంధం లేకుండా గ్రామఫోను కోసమే పాడినవి. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ పద్యాలు, దాశరథి, కొనకళ్ల వెంకటరత్నం వంటి కవుల గీతాలు ఈ వరుసలోవి. ఘంటసాల తన ఇష్టంతో బాణీ కట్టుకుని, సన్నివేశం ఒత్తిడి లేకుండా పాడినవి కనుక ఆయన సొంత అభిరుచి వీటిలోనే నిండుగా తెలుస్తుంది. పద్యాన్ని సాగదీయకుండా, రాగం పేరుతో మాటను మింగకుండా, భావం తెగకుండా చదివే పద్ధతికి ‘పుష్పవిలాపం’ కొలబద్ద అయింది. ఇలాంటి పొడవైన రచనలు 78 చుట్ల ప్లేటు రెండు వైపులకూ పంచుకుని వచ్చేవి. సీడీలోకి మార్చేటప్పుడు రెండు భాగాలనూ అతుకు తెలియకుండా కలపడం ఒక పద్ధతి. రెండు వేర్వేరు ట్రాకులుగా వదిలేయడం ఇంకో పద్ధతి. మరీ అన్యాయం ఏమిటంటే, జాగా చాలక మొదటి భాగంతోనే ఆపేయడం. పద్యాల సీడీ ఎంచుకునేటప్పుడు ముందుగా చూడవలసింది ఇదే.

ఘంటసాల భగవద్గీతను సంకలనాల లెక్కలో కలపకూడదు. శ్లోకాన్నీ, తెలుగు తాత్పర్యాన్నీ ఒక క్రమంలో నడిపిన ఆ రచన ఆయన కన్నుమూశాక జనం చేతికి వచ్చింది. దానిలో నుంచి పది శ్లోకాలు ఏరి భక్తి పాటల మధ్య ఇరికిస్తే క్రమం చెడుతుంది. పూర్తిగా ఉన్న ప్రతినే తీసుకోవాలి. ‘లవకుశ’ది కూడా దాదాపు అదే పరిస్థితి. 1963లో విడుదలైన ఆ సినిమాకు సంగీతం ఘంటసాలది. లవకుశుల గొంతులు పి. లీల, సుశీలలవి. పాటలు, పద్యాలు ఒకదాని నుంచి ఒకటి పుట్టేలా అల్లిన సంగీతం అది. సంకలనంలో వచ్చే రెండు, మూడు పాటలు విని ‘లవకుశ’ను విన్నామనుకోవడం తగదు. ఆ సినిమా ఒక్కదానికే విడిగా సీడీ ఉండడం న్యాయం.

సుశీల సంకలనాల సమస్య వేరు. ఇక్కడ బెడద పాటల రాశిది. 2016లో గిన్నిస్ సంస్థ ఆమె పేరిట 17,695 పాటలు గుర్తించింది. అవి ఆరుకు పైగా భారతీయ భాషల్లో పాడినవి. ఒక ఆడియో సీడీలో పట్టే ఇరవై ఒక్క పాటలు ఆ మొత్తంలో ఎనిమిది వందల నలభయ్యో వంతు. ఎలా ఏరినా ఎన్నో మంచి పాటలు బయటే ఉండిపోతాయి. అందువల్ల ‘ఉత్తమ గీతాలు’ అనే సంకలనం సుశీల విషయంలో దాదాపు అర్థం లేనిది. ఒక సంగీత దర్శకుడి దగ్గర పాడినవి, ఒక దశాబ్దంలో పాడినవి అని గిరి గీసుకున్న సీడీ ఎక్కువ చెబుతుంది.

ఆమెను సినిమాకు పరిచయం చేసింది పెండ్యాల నాగేశ్వరరావు. ‘కన్నతల్లి’ కోసం ఆకాశవాణి గాయనుల్లో నుంచి ఆమెను ఎంచుకున్నారు. 1955 నాటి ‘మిస్సమ్మ’లో వినిపించే సుశీల గొంతు లేతది. ఆ ఏడే వచ్చిన ‘కన్యాశుల్కం’లో శ్రీశ్రీ గీతాన్ని ఘంటసాల బాణీలో ఆమె పాడారు. గురజాడ నాటకం, విజయనగరం ఆడపడుచు గానం, విజయనగరంలో చదివిన స్వరకర్త, విశాఖపట్నం కవి! ఉత్తరాంధ్ర అంతా ఒక్క పాటలో కలిసిన ఘట్టమది. అయినా ఉత్సాహంగా సాగే యుగళగీతాల మధ్య దానికి సంకలనాల్లో చోటు దొరకడం కష్టం. 1964 నాటి ‘మూగమనసులు’తో కె.వి. మహదేవన్ బాణీలు ఆమె గొంతుకు జానపదపు చురుకును అద్దాయి. 1982 నాటి ‘మేఘసందేశం’లో రమేశ్ నాయుడు సంగీతంలో పరిపక్వమైన గొంతు వినిపిస్తుంది. ఆ గానానికి ఆమెకు జాతీయ పురస్కారం దక్కింది. అంతకుముందు తమిళంలో ‘ఉయర్న్ద మనిదన్’ పాటకు, తెలుగులో ‘సిరిసిరిమువ్వ’ పాటకు కూడా జాతీయ పురస్కారాలు వచ్చాయి. తెలుగు సంకలనాల్లో తమిళ పాటలు ఉండవు, తమిళ సంకలనాల్లో తెలుగు పాటలు ఉండవు. ఒక గాయనిని భాషల వారీగా ముక్కలు చేసి అమ్మడం వల్ల, ఆమె పలుకు రెండు భాషల్లోనూ అంత స్వచ్ఛంగా ఎలా నిలిచిందో పోల్చి వినే వీలు లేకుండా పోయింది.

ఇక సాలూరి. సంగీత దర్శకుడి పేరుతో వచ్చే సంకలనం ఎందుకు అవసరమో ఆయన ఉదాహరణే బాగా చెబుతుంది. 1954 నాటి ‘విప్రనారాయణ’, 1955 నాటి ‘మిస్సమ్మ’ ఆయన సంగీతంలో మేటి సినిమాలు. రెండింటిలోనూ కథానాయకుడికి పాడింది ఎ.ఎం. రాజా. ఘంటసాల సీడీలు ఎన్ని కొన్నా ఆ పాటలు దొరకవు. 1951 నాటి ‘మల్లీశ్వరి’లో ఘంటసాల, భానుమతి పాడారు. 1964 నాటి ‘బొబ్బిలియుద్ధం’, ‘డాక్టర్ చక్రవర్తి’, ‘అమరశిల్పి జక్కన’ కూడా ఆయనవే. సాలూరు పక్కనే ఉన్న బొబ్బిలి కథకు సాలూరు బిడ్డ సంగీతం కట్టడం ఈ ప్రాంతం గర్వంగా చెప్పుకోదగ్గ మాట. ఈ పాటలన్నీ ఒక్కచోట వింటే తప్ప, ఆర్భాటం లేని వాద్యసమ్మేళనం, రాగాన్ని దాచకుండా తేలిక చేయడం, మాట విరుపుకు తగ్గట్టు బాణీ వంపు అనే ఆయన ముద్రలు పట్టుబడవు. గాయకుల సంకలనాల్లో ఆయన చిన్న అక్షరాల్లో ఒక పేరు మాత్రమే.

స్వరకర్తల సంకలనాలకు ఒక కష్టం ఉంది. ‘మాయాబజార్’కు మొదట సాలూరి నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారు. వాటికి వాద్యసమ్మేళనం కూర్చి, మిగతా సంగీతమంతా పూర్తిచేసింది ఘంటసాల. తెరమీద పేరు ఘంటసాలది ఒక్కటే. పడవ మీద సాగే వెన్నెల పాట ఎవరి సంకలనంలో ఉండాలి? ఇద్దరి సంకలనాల్లోనూ ఉండడం సబబు. కాని అట్ట మీద ఆ సంగతి చెప్పాలి. ‘దేవదాసు’ ఇంకో ఉదాహరణ. సి.ఆర్. సుబ్బరామన్ మధ్యలోనే చనిపోతే ఆయన శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి మిగిలిన పని పూర్తిచేశారు. సినిమా పేరు, గాయకుల పేరు వేసి ఊరుకునే అట్టలు ఇలాంటి చరిత్రను చెరిపేస్తాయి.

సినిమాలకు బయట సాలూరి పాడిన లలితగీతాలది మరింత దీనమైన స్థితి. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన తన గొంతుతోనూ, రావు బాలసరస్వతీదేవితో కలిసీ ఇచ్చిన రికార్డులు తెలుగు లలిత సంగీతానికి పునాది వేశాయి. ఆ పాత ప్లేట్లలో గీతల చప్పుడు ఎక్కువ, రికార్డింగు పాతకాలపుది. అమ్మకం మీద దృష్టి పెట్టి ఏరేవాళ్లు వాటిని దాటిపోతారు. సాలూరి పేరుతో వచ్చే సంకలనంలో ఆ గీతాల్లో కొన్నయినా ఉంటే అది మంచి సంకలనమని ధైర్యంగా చెప్పవచ్చు.

మూలం సంగతికి వస్తే, 1950లు, 60ల పాటలు మోనోలో ముద్రించినవి. అంటే ధ్వనంతా ఒకే చానల్. కొన్ని సీడీల్లో వీటికి ప్రతిధ్వని కలిపి, రెండు చానళ్లకూ కొద్ది తేడాతో పంచి స్టీరియోలా వినిపించేటట్టు చేశారు. దానివల్ల గొంతు దూరంగా, గుహలో నుంచి వచ్చినట్టు ఉంటుంది. చప్పుడు తగ్గించే యంత్రాన్ని అతిగా వాడితే గీతలతో పాటు వయొలిన్ల పదును కూడా పోతుంది. కొద్దిగా సరసర ఉన్నా, గొంతు దగ్గరగా వినిపించే సీడీయే మంచిది. సినిమాలో ఉన్న పాటకూ, రికార్డు మీది పాటకూ తేడా ఉండడం కూడా మామూలే. మూడు నిమిషాల హద్దులో ఇమడ్చడానికి ఒక చరణం వదిలేయడం, వాద్యాల భాగాన్ని కత్తిరించడం జరిగేది. సంకలనాలు సాధారణంగా రికార్డు ప్రతినే వాడతాయి కాబట్టి, సినిమా చూసి గుర్తుంచుకున్న చరణం సీడీలో వినిపించకపోతే అది తయారీ లోపం కాదు.

అసలు పాటలకు బదులు వేరే గాయకులు మళ్లీ పాడిన సీడీలూ బజారులో ఉన్నాయి. అట్ట మీద ఘంటసాల బొమ్మ పెద్దగా ఉన్నా, పాడినవారి పేరు వెనక వైపు చిన్న అక్షరాల్లో వేరేది ఉండవచ్చు. అది చదివి కొనడం మేలు.

పలువురు గాయకుల సంకలనాలను చిన్నచూపు చూడడం ఒక అలవాటు. కొందరు గాయకులు బతికి ఉన్నది వాటిలోనే. శ్రీకాకుళం జిల్లా తులగాం నుంచి వెళ్లిన జి. ఆనంద్ 1976 నాటి ‘అమెరికా అమ్మాయి’లో జి.కె. వెంకటేశ్ సంగీతంలో పాడిన పాట ఒక్కటి చాలు, ఆయన పేరు నిలబడడానికి. స్వరమాధురి బృందంతో ఏళ్ల తరబడి వేదికల మీద పాత పాటలకు ప్రాణం పోసిన ఆయన 2021లో కోవిడ్‌తో కన్నుమూశారు. పాడిన పాటలు తక్కువ కనుక ఆయన ఒక్కరి పేరుతో సంకలనం రావడం తేలిక కాదు. 1970ల పాటలని దశాబ్దం పేరుతో వచ్చే సీడీల్లో మాత్రం ఆయన వినిపిస్తారు.

పాత రికార్డుల హక్కుల్లో పెద్ద భాగం హెచ్.ఎం.వి. వారసత్వం పొందిన సరిగమ సంస్థ దగ్గర ఉండడంతో, ఆ కాలపు సంకలనాల్లో అధికారిక ప్రతులు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చాయి. భారత చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1963 వరకు వెలువడిన రికార్డుల ముద్రణ హక్కులు ఇప్పటికే తీరిపోయాయి. సాహిత్యం, సంగీతం హక్కులు మాత్రం వేరు. అవి రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ల వరకు ఉంటాయి. ఆ హక్కులకు అనుమతి తెచ్చుకుంటే చిన్న సంస్థలు, సంగీత సభలు కూడా సాలూరి తొలి లలితగీతాల వంటి వాటిని శ్రద్ధగా శుభ్రం చేసి వెలువరించే వీలు ఏర్పడింది.

ఇప్పుడు కొనుక్కోవాలనుకునేవారికి మూడు మాటలు. ఎంపీ3 సీడీ ఒకటి ఉంటే ఉండనివ్వండి గాని, వినడానికి ఆడియో సీడీ ఎంచుకోండి. ఘంటసాలకు పద్యాలు, ప్రైవేటు గీతాల సంకలనం, సుశీలకు ఒక్కో సంగీత దర్శకుడితో చేసిన సంకలనాలు, సాలూరికి ఆయన పేరుతోనే ఉన్న సంకలనం మేలైనవి. సినిమా పేరుతో పాటు సంవత్సరం, స్వరకర్త, కవి పేర్లు వేసిన సీడీ ఇంకొకదాని కన్నా పది రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. విజయనగరం, సాలూరు, బొబ్బిలి, శ్రీకాకుళం ఇళ్లలో అటకల మీద కుక్క మార్కు ప్లేట్లు ఇంకా ఉంటే వాటిని పాత సామాన్ల వాడికి వేయకండి. లక్కతో చేసిన ఆ ప్లేట్లు పడితే పగులుతాయి, ఎండకు వంగుతాయి. నిలువుగా పేర్చి నీడపట్టున దాచండి. సీడీల్లోకి ఎక్కని పాటల అసలు ప్రతులు వాటిలో ఉండవచ్చు.